ఖయాల్, షోబ్దా, సిహ్ర్: తొలినాటి మాయాచిత్రాలు, భయ వ్యాపారం, మన విశ్వాసం

చలనచిత్రం పుట్టిన తొలి ముప్పై సంవత్సరాలలో దానికి మాట లేదు, బొమ్మ మాత్రమే ఉండేది. ఆ మూగబొమ్మలలో చెప్పుకోదగిన భాగం మన పేర్లతో, మన వేషాలతో తెరకెక్కిన అద్భుత కథలే. బాగ్దాదు దొంగ, అల్లావుద్దీన్, హాతిం తాయి, గులెబకావళి మొదలగువాటిని తరతరాలుగా ప్రజలు చూసి ఆనందించారు. అయితే జిన్ అంటే ఏమిటి, జాదూ అంటే ఏమిటి, చనిపోయినవారు తిరిగివస్తారా అన్న ప్రశ్నలకు మనలో చాలామంది సమాధానాలు నేర్చుకున్నది దివ్యఖుర్ఆన్ నుంచి కాదు, ఈ బొమ్మల నుంచే. ఇది విచారించవలసిన విషయం.

రెండవ విషయం ఇంకా ముఖ్యమైనది. ప్రేక్షకుణ్ణి భయపెట్టి టిక్కెట్లు అమ్మడం ఒక వ్యాపారంగా ఎదిగింది. దానికి కొన్ని పద్ధతులు, కొన్ని పనిముట్లు ఏర్పడ్డాయి. అవే పద్ధతులు నేడు బడంగ్‌పేట్, బాలాపూర్, దిల్‌సుఖ్‌నగర్ వంటి పేటలలో 'ఆమిల్', 'బాబా' అన్న పేర్లతో అమాయక కుటుంబాల నుంచి ధనం గుంజేందుకు ఉపయోగపడుతున్నాయి. ఆ పనిముట్లు ఎక్కడ పుట్టాయో, ఎలా పనిచేస్తాయో తెలిసినవాణ్ణి మోసగించడం కష్టం. ఈ వ్యాసం ఉద్దేశం అదే. చలనచిత్రం చూడడం ధర్మసమ్మతమా కాదా అన్న ఫిఖ్హ్ చర్చ దీని పరిధిలోనిది కాదు. దానిపై ఉలమాల అభిప్రాయాలు పాఠకులకు తెలిసినవే.

మూడు పదాలు

ఉర్దూలో, అరబీలో మూడు వేర్వేరు మాటలున్నాయి. తెలుగులో ఈ మూడింటినీ మనం తరచు 'మాయ' అన్న ఒక్క మాటలో కలిపివేస్తాం. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

మొదటిది ఖయాల్. ఊహ, నీడ, మనస్సులో తోచే రూపం అని దీని అర్థం. కథ చెప్పేవాడు కథ అని చెప్పి చెబుతాడు, వినేవాడు కథ అని తెలిసి వింటాడు. ఇందులో మోసం లేదు. రెండవది షోబ్దా, అంటే హస్తలాఘవం, కనికట్టు. గారడీవాణ్ణి మన హైదరాబాదీ ఉర్దూలో 'షోబ్దాబాజ్' అంటాం. ఇబ్నె ఖల్దూన్ తన 'ముఖద్దిమా'లో మంత్రవిద్యను మూడు రకాలుగా విభజించి, చూసేవారి ఊహాశక్తిపై పనిచేసే మూడవ రకానికి చెప్పిన పేరే ఈ మాటకు మూలం. మూడవది సిహ్ర్. దైవేతర శక్తులను ఆశ్రయించి ఇతరులకు కీడు తలపెట్టడం సిహ్ర్. ఇది మహాపాపమన్న విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు.

హజ్రత్ మూసా (అలై) ఎదుట ఫిరౌన్ మాంత్రికులు తాళ్ళు, కర్రలు పడవేసిన ఘట్టాన్ని ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి. వారు ప్రజల కళ్ళను వశపరచుకున్నారని 'అల్ ఆరాఫ్' సూరా 116వ వాక్యం తెలుపుతుంది. అవి పాకుతున్నట్టు ఆయనకు తోచిందని 'తాహా' సూరా 66వ వాక్యం చెబుతుంది. తోచడం అన్న అర్థంలో అక్కడ వాడబడిన క్రియ, ఖయాల్ అన్న మాట ఒకే ధాతువు నుంచి వచ్చాయి. తాళ్ళు తాళ్ళుగానే ఉన్నాయి, మారింది చూపు మాత్రమే.

హిజ్రీ 370 (క్రీ.శ. 981)లో మరణించిన హనఫీ పండితుడు అబూ బక్ర్ అల్ జస్సాస్ తన 'అహ్కాముల్ ఖుర్ఆన్'లో ఈ విషయాన్ని విస్తారంగా చర్చించాడు. ఆ తాళ్ళ లోపల పాదరసం నింపారనీ, వేడి తగిలి అది కదలడంతో తాళ్ళు పాకినట్టు కనిపించాయనీ చెప్పే వివరణను ఆయన ప్రస్తావించాడు. సిహ్ర్‌లో అధికభాగం ఇటువంటి యుక్తులేనని ఆయన అభిప్రాయం. అహ్లె సున్నత్ పండితులలో అత్యధికులు సిహ్ర్‌కు అల్లాహ్ అనుజ్ఞకు లోబడిన ప్రభావం ఉందని విశ్వసిస్తారు. ఈ భేదం ఉన్నా, కనికట్టు చేసి దాన్ని దివ్యశక్తిగా అమ్ముకునేవాడు మోసగాడన్న విషయంలో ఉభయులదీ ఒకే మాట.

నీడల ఆట, దీపపు ఆట

తెరపై బొమ్మ ఆడించడం పాశ్చాత్యులు హఠాత్తుగా కనిపెట్టిన విద్య కాదు. బస్రాలో 965 ప్రాంతంలో జన్మించి, కైరోలో 1040 ప్రాంతంలో మరణించిన ఇబ్నుల్ హైసమ్ తన 'కితాబుల్ మనాజిర్'లో చూపు ఎలా కలుగుతుందో, ఏయే సందర్భాలలో పొరబడుతుందో పరీక్షలతో నిరూపించాడు. సన్నని రంధ్రం గుండా వచ్చిన వెలుగు గ్రహణ సమయంలో సూర్యుని ఆకారాన్ని ఎలా చూపుతుందో వివరిస్తూ ప్రత్యేక గ్రంథమే వ్రాశాడు. కన్ను ఎందుకు పొరబడుతుందని ముస్లిం పండితులు ఇంత శ్రద్ధగా అధ్యయనం చేశారని మన పిల్లలకు చెప్పవలసిన అవసరం ఉంది.

మౌసిల్‌లో 1248లో జన్మించి కైరోలో స్థిరపడిన ఇబ్నె దానియాల్ వృత్తిరీత్యా కంటి వైద్యుడు. ఆయన వ్రాసిన మూడు తోలుబొమ్మల నాటకాలు నేటికీ నిలిచి ఉన్నాయి. అరబీలో ఆ ఆటను 'ఖయాలుల్ జిల్', అనగా నీడల ఖయాల్ అంటారు. తెల్లని గుడ్డ వెనుక దీపం, దీపానికి గుడ్డకు నడుమ తోలుబొమ్మ. మన ఆంధ్ర, తెలంగాణ పల్లెలలో ఆడే తోలుబొమ్మలాటకూ ఏర్పాటు ఇదే. ఇబ్నె దానియాల్ నాటకాలలో ఒకదానిలో సంతలోని పాత్రలు ఒకరి తరువాత ఒకరు తెరపైకి వచ్చి తమ సరుకును పొగడుకుంటారు. వారిలో పామును ఆడించేవాడు, దొంగ వైద్యుడు, తాయెత్తులు అమ్మేవాడు కూడా ఉన్నారు. కళ్ళకు వైద్యం చేసే మనిషి, కళ్ళకు గంతలు కట్టేవారిని ప్రజల ముందు నిలబెట్టి నవ్వించాడన్నమాట. అదే శతాబ్దంలో డమాస్కస్‌కు చెందిన అల్ జౌబరీ మరొక అడుగు ముందుకు వేశాడు. దొంగ ఫకీర్లు, రసవాదులు, జోస్యులు చేసే మోసాల గుట్టు విప్పుతూ ఒక పూర్తి గ్రంథమే రచించాడు.

ఐరోపాలో ఈ దీపపు ఆట వేరొక దారి పట్టింది. ఏతియెన్ గాస్పార్ రాబర్ట్‌సన్ అనే ప్రదర్శకుడు 1798లో పారిస్‌లో 'ఫాంటాస్మగోరియా' అనే ప్రదర్శన ప్రారంభించాడు. తరువాత దానిని పాడుపడిన ఒక క్రైస్తవ మఠంలోకి మార్చాడు. దీపపు పెట్టెను చక్రాలపై అమర్చి తెర వెనుక ముందుకు వెనుకకు నడిపేవారు. పెట్టె తెరకు దూరమైనకొద్దీ బొమ్మ పెద్దదై, అస్థిపంజరం మీదికి దూకుతున్నట్టు తోచేది. కొన్ని బొమ్మలను పొగపై వేసేవారు. ఫ్రెంచి విప్లవంలో వేలాదిమంది తలలు తెగిపడి ఇంకా కొద్ది సంవత్సరాలే అయింది. జనుల దుఃఖం పచ్చిగా ఉన్న వేళ, చనిపోయినవారి రూపాలను వారి కళ్ళ ముందు నిలిపాడు. ఇది దయ్యాల మాయ కాదనీ విజ్ఞాన ప్రదర్శననీ అతడు చెప్పేవాడు. కానీ గది చీకటి, సమాధుల అలంకారం, వింత సంగీతం అన్నీ దానికి విరుద్ధంగా మాట్లాడేవి. నోటితో ఒకటి చెప్పి, ఏర్పాటుతో వేరొకటి నమ్మించే ఈ పద్ధతి తరువాతి భయ వ్యాపారులందరికీ ఆదర్శమైంది.

గారడీవాడు కెమెరా పట్టినప్పుడు

ఫ్రెంచి గారడీవాళ్ళలో సుప్రసిద్ధుడు రాబర్ట్ హూదాఁ. 1830లో అల్జీరియాను ఆక్రమించిన ఫ్రెంచి ప్రభుత్వం, 1856లో ఈయనను అక్కడికి పంపింది. ప్రజలపై పలుకుబడి గల ముస్లిం పెద్దలకంటే ఫ్రెంచివారి 'మహిమ' ఎక్కువని అరబ్బు నాయకులను నమ్మించడం ఆ యాత్ర లక్ష్యం. ఆయన వేదికపై ఒక చిన్న పెట్టె పెట్టి, బలశాలియైన ఒక అరబ్బును పిలిచి ఎత్తమన్నాడు. మొదట అతడు సునాయాసంగా ఎత్తాడు. 'నీ బలాన్ని హరిస్తున్నాను' అని ప్రకటించిన తరువాత ఎంత గింజుకున్నా అది కదలలేదు. పెట్టె అడుగున ఇనుము, వేదిక క్రింద విద్యుదయస్కాంతం. అంతే అందులోని మహిమ. పిమ్మట పిడి గుండా విద్యుత్తు తగిలించడంతో ఆ మనిషి కేకవేసి పడిపోయాడు. ఈ ఉదంతాన్ని హూదాఁ స్వయంగా తన జ్ఞాపకాలలో వివరించాడు. షోబ్దా వినోదంగా ఉన్నంతవరకు ఒక సంగతి, ఒక జాతిని లొంగదీసే ఆయుధమైనప్పుడు వేరొక సంగతి అని అల్జీరియా ముస్లింల ఈ అనుభవం మనకు బోధిస్తుంది.

ఆ హూదాఁ పేరిట పారిస్‌లో ఉన్న నాటకశాలను 1888లో కొన్నవాడు జార్జి మెలియెస్. ఇతడూ గారడీవాడే. 1895 డిసెంబరు 28న లూమియేర్ సోదరులు పారిస్‌లో చేసిన చలనచిత్ర ప్రదర్శనను చూసి, ఈ యంత్రం తన వృత్తికి ఎంతగా ఉపకరిస్తుందో గ్రహించాడు. కెమెరాను ఆపి, ఎదుట ఉన్న వస్తువును మార్చి, మళ్ళీ త్రిప్పితే ఒక వస్తువు మరొకటిగా మారినట్టు కనిపిస్తుంది. ఒకే ఫిల్ముపై రెండుసార్లు చిత్రం తీస్తే మనిషి గుండా గోడ కనిపించి, దయ్యంలా తోస్తాడు. నల్లని గుడ్డతో శరీరం కప్పితే తల ఒక్కటే గాలిలో తేలుతుంది. ఇటువంటి యుక్తులు వాడుతూ అతడు అయిదు వందలకు పైగా చిత్రాలు తీశాడు. 1896లో తీసిన 'సైతాను కోట' నిడివి సుమారు మూడు నిమిషాలు. చాలామంది చరిత్రకారులు దానినే మొట్టమొదటి భయానక చిత్రంగా పేర్కొంటారు. 1902లో చంద్రలోక యాత్ర, 1905లో వెయ్యిన్నొక్క రాత్రుల సౌధం తీశాడు. చివరకు దివాలా తీసి, పారిస్ రైల్వేస్టేషనులో బొమ్మల దుకాణం నడుపుకున్నాడు. ఎన్ని వస్తువులు మాయం చేసినా తన అప్పులను మాయం చేయలేకపోయాడు. అతడి చిత్రాలు చూడడానికి వచ్చినవారికి అది గారడీ అని తెలుసు. ఆ విధంగా చూస్తే మెలియెస్ షోబ్దాను ఖయాల్‌గా మార్చినవాడు.

మన దేశంలో 1913లో 'రాజా హరిశ్చంద్ర' విడుదల చేసిన దాదాసాహెబ్ ఫాల్కే కూడా ఇంద్రజాలం నేర్చి ప్రదర్శించినవాడే. ప్రకటన విద్యలోనూ ఆయన సమర్థుడు. సూరత్‌లో నాటకాలకు అలవాటుపడిన జనం రాకపోవడంతో, 57,000 ఛాయాచిత్రాలు, రెండు మైళ్ళ పొడవు, వెల మూడణాలు అని ప్రకటించి హాలు నింపాడు. ఇందులో అతిశయం ఉంది గాని అబద్ధం లేదు. వ్యాపార ప్రకటనకు ఇది ఒక హద్దు అనుకోవచ్చు.

హైదరాబాదులో మూగచిత్రాలు

మన నగరంలో చిత్రాలు తీసే సంస్థ స్థాపించినవాడు బెంగాలీయుడైన ధీరేంద్రనాథ్ గంగూలీ. అంతకుముందు హైదరాబాదులో చిత్రలేఖనం బోధించేవాడు. వేషం మార్చి రకరకాల ముఖభావాలు అభినయించిన తన ఛాయాచిత్రాలను గ్రంథంగా ప్రకటించిన ఘనుడు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో 1922లో ఇక్కడ 'లోటస్ ఫిల్మ్ కంపెనీ' నెలకొల్పి, 'ఇంద్రజిత్', 'హరగౌరి', 'యయాతి' మొదలగు మూగచిత్రాలు తీశాడు, సినిమాహాళ్ళు నడిపాడు. 1924లో బొంబాయిలో తీసిన 'రజియా బేగం' అనే చిత్రాన్ని ప్రదర్శించాడు. ముస్లిం రాకుమారి మతాంతర ప్రేమ దాని ఇతివృత్తం. ప్రభుత్వం ఆగ్రహించి ఆయనను రాజ్యం విడిచి పొమ్మన్నది. ఆయన కలకత్తా చేరి తిరిగి నిలదొక్కుకున్నాడు, 1975 సంవత్సరపు ఫాల్కే పురస్కారం అందుకున్నాడు. హైదరాబాదు చిత్రనిర్మాణం మాత్రం చాలాకాలం ఆగిపోయింది. మాయాచిత్రాలకు కలగని ఆటంకం చరిత్రను స్పృశించిన చిత్రానికి కలగడం గమనార్హం. మాయ ఎవరినీ నొప్పించదని పాలకులు భావించేవారు కాబోలు.

ఆ సంవత్సరమే అమెరికాలో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' వెలువడింది. ఎగిరే తివాచీని క్రేను నుంచి సన్నని ఉక్కు తీగలతో వేలాడదీశారు. 1927-28లో మద్రాసు న్యాయవాది టి. రంగాచారి అధ్యక్షతన పనిచేసిన భారత చలనచిత్ర విచారణ సంఘం, ఈ దేశంలో అత్యధిక జనాదరణ పొందిన చిత్రంగా దీనినే పేర్కొన్నది. దాని ప్రభావంతో మన దేశంలోనూ అటువంటి చిత్రాలు వెల్లువెత్తాయి. 1924లోనే కోహినూర్ కంపెనీ 'గుల్-ఎ-బకావలీ' తీసింది. 1929లో 'హాతిం తాయి' నాలుగు భాగాలుగా వచ్చింది.

హాతిం తాయి చరిత్రలో నిజంగా జీవించిన మనిషి. ఇస్లాంకు పూర్వం తయ్ తెగలో దానశీలిగా ప్రసిద్ధి చెందినవాడు. ఆయన కుమారుడు హజ్రత్ అదీ బిన్ హాతిం దైవప్రవక్త (సల్లం) సహచరులలో ఒకరు. హాతిం కుమార్తె బందీగా వచ్చినప్పుడు దైవప్రవక్త (సల్లం) ఆమెను గౌరవించి విడుదల చేసిన సంగతి సీరత్ గ్రంథాలలో ఉంది. తెరపై హాతిం పరీలతో, దేవ్‌లతో పోరాడే వీరుడు. మన పిల్లలకు తెలిసినది ఈ రెండవ హాతిం. ఆకలిగొన్న అతిథికి అన్నం పెట్టిన మొదటి హాతిం తెలియడు. మాయాచిత్రం వల్ల కలిగే నష్టాలలో ఇది ఒకటి. అది అబద్ధం చెప్పకపోవచ్చు, కానీ నిజం కూర్చోవలసిన చోటును ఆక్రమిస్తుంది.

జిన్ భూతమైన వైనం

అనువాద వృత్తిలో ఉన్నవారికి ప్రతిదినం ఎదురయ్యే చిక్కు ఒకటుంది. 'జిన్' అన్న మాటను తెలుగులో ఏమనాలి? సినిమాలు, పిల్లల పత్రికలు ఏనాడో 'భూతం' అని తీర్పు చెప్పివేశాయి. 'అల్లావుద్దీన్ భూతం' అంటే తెలియని తెలుగువాడు లేడు. 1957లో అక్కినేని నటించిన 'అల్లావుద్దీన్ అద్భుత దీపం', 1970లో బి. విఠలాచార్య దర్శకత్వంలో రామారావు నటించిన 'ఆలీబాబా 40 దొంగలు' ఈ కథలను ఇంటింటికీ చేర్చాయి. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడు, తోటరాముడు ఉన్నారు. వారు అల్లావుద్దీన్ కథలోని మగ్రిబీ మాంత్రికుడికి, ఆ కుర్రవాడికి తెలుగు వేషాలే.

ఈ అల్లావుద్దీన్, ఆలీబాబా కథలు వెయ్యిన్నొక్క రాత్రుల ప్రాచీన అరబీ ప్రతిలో లేవు. 1709లో పారిస్‌లో ఉన్న హన్నా దియాబ్ అనే హలబ్ నగర క్రైస్తవ యువకుడు చెప్పగా విని, ఫ్రెంచి అనువాదకుడు గాలాఁ వాటిని తన సంపుటాలలో చేర్చాడు. 'ఇస్లామీ కథ' అని లోకం అనుకునేది పారిస్‌లో గ్రంథస్థమై, హాలీవుడ్‌లో రంగులు దిద్దుకుని, మద్రాసు స్టూడియోల మీదుగా మన వద్దకు చేరింది.

కథగా దీనిని ఆస్వాదించడానికి అభ్యంతరం అక్కరలేదు. చిక్కు అంతా మాటతోనే. తెలుగులో భూతం అంటే సాధారణంగా చనిపోయినవారి ఆత్మ, లేదా పిశాచం. దివ్యఖుర్ఆన్ చెప్పే జిన్నులు అవి కావు. వారు అగ్నితో సృష్టించబడిన వేరొక జాతి. మానవుల వలెనే దైవాజ్ఞలకు బద్ధులు. వారిలో విశ్వాసులూ ఉన్నారు, అవిశ్వాసులూ ఉన్నారు. 'అల్ జిన్న్' సూరా ఈ విషయాలను స్పష్టంగా వివరిస్తుంది. వారికి అగోచర జ్ఞానం లేదు. హజ్రత్ సులైమాన్ (అలై) చేతికర్రకు ఆనుకుని మరణించి ఉండగా, పురుగు ఆ కర్రను తిని ఆయన దేహం ఒరిగేవరకు ఆ మరణం సంగతి జిన్నులకు తెలియలేదని 'సబా' సూరా 14వ వాక్యం చెబుతుంది. ఎదుట ఉన్న మనిషి మరణమే తెలియని జిన్నులు, పోయిన మీ నగ ఎక్కడుందో, మీ కోడలికి సంతానం ఎప్పుడు కలుగుతుందో ఎలా చెప్పగలరు?

ఇక చనిపోయినవారి సంగతి. వారికి, ఈ లోకానికి నడుమ ప్రళయదినం వరకు బర్జఖ్ అనే అడ్డు ఉందని 'అల్ మూమినూన్' సూరా 100వ వాక్యం తెలుపుతుంది. పగ తీర్చుకోవడానికి శ్మశానం నుంచి తిరిగివచ్చే ఆత్మ సినిమా కథకు అవసరం కావచ్చు గాని, ఒక ముస్లిం విశ్వాసంలో దానికి తావులేదు. అందుచేత జిన్‌ను 'జిన్' అనే వ్రాయడం ఉత్తమమని నా అభిప్రాయం. కొన్ని మాటలను అనువదించకపోవడమే సరియైన అనువాదం.

తెర దాటిన భయం

మూగచిత్రాల చివరి కాలానికి భయానక చిత్రాల వ్యాపారులు ఒక సంగతి గ్రహించారు. భయం తెరపై కాక, హాలు గుమ్మం దగ్గరే మొదలుకావాలి. 1925లో 'ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా' విడుదలకు ముందు, లాన్ చానీ వికృత ముఖం కనిపించే ఫొటో ఒక్కటి కూడా బయటికి రానివ్వలేదు. దాచిన వస్తువుకు విలువ ఎక్కువ.

ఈ విద్యలో ఆరితేరినవాడు అమెరికన్ నిర్మాత విలియం కాజిల్. 1958లో 'మకాబర్' చిత్రానికి వచ్చిన ప్రతి ప్రేక్షకుడి పేర, భయంతో చనిపోతే వెయ్యి డాలర్లు చెల్లించేలా లండన్‌లోని లాయిడ్స్ భీమా ఏర్పాటు చేశాడు. హాలు ముంగిట నర్సులను నిలబెట్టాడు. 1959లో 'హౌస్ ఆన్ హాంటెడ్ హిల్' చివరి ఘట్టంలో తీగపై వ్రేలాడే అస్థిపంజరాన్ని ప్రేక్షకుల తలలపై నడిపించాడు. అదే సంవత్సరం 'ది టింగ్లర్' ప్రదర్శనలో కొన్ని కుర్చీల క్రింద మోటార్లు బిగించి, సరైన క్షణంలో అదిరేలా చేశాడు. 1961లో 'హోమిసైడల్' ముగిసేముందు నలభై అయిదు సెకన్ల విరామం ఇచ్చాడు. భయపడినవారు లేచిపోయి డబ్బు వాపసు తీసుకోవచ్చు. కానీ అందరూ చూస్తుండగా 'పిరికివారి మూల' అన్న చోట నిలబడాలి. అందుచేత లేచినవారు స్వల్పం.

ఇందులోని కిటుకులు నాలుగు. హామీ ఇవ్వడం, వైద్యుల వేషాలు చూపడం, శరీరానికి నిజంగా ఏదో తాకేలా చేయడం, సందేహించేవాణ్ణి సిగ్గుపడేలా చేయడం. పాఠకులు ఈ నాలుగింటినీ జ్ఞాపకం ఉంచుకోగోరుతున్నాను. వీటి అవసరం ముందున్నది.

మన తెలుగువాడైన రామగోపాల్ వర్మ 2008లో హిందీలో తీసిన 'ఫూంక్' చిత్రాన్ని హాలులో ఒంటరిగా కూర్చుని చూసినవారికి అయిదు లక్షల రూపాయల బహుమతి ప్రకటించారు. కాజిల్ విద్యే అర్ధ శతాబ్దం తరువాత మన ముంగిటికి వచ్చింది. చిత్రం పేరు గమనించండి. ఖుర్ఆన్ వాక్యాలు పఠించి రోగిపై ఊదడానికి మన ఇళ్ళలో వాడే మాట అది. తెరపై అది చేతబడికి పర్యాయపదమైంది.

దీనికంటే ఆలోచింపజేసేది మన తూర్పు హైదరాబాదుకు దగ్గరలోనే ఉంది. ఎల్.బి. నగర్ దాటి విజయవాడ రోడ్డుపై వెళితే 1996లో ప్రారంభమైన రామోజీ ఫిలింసిటీ వస్తుంది. అది నిజాం కాలపు రణభూమిపై కట్టబడిందనీ, చనిపోయిన సైనికుల ఆత్మలు తిరుగుతున్నాయనీ, అద్దాలపై వాటంతట అవే ఉర్దూ అక్షరాలు కనిపిస్తాయనీ ఒక కథ ఇంటర్నెట్టులో ఏళ్ళతరబడి తిరుగుతున్నది. ఏ యుద్ధం, ఏ సంవత్సరం, ఎవరికి ఎవరికి మధ్య అన్నది ఆ కథ చెప్పదు. దయ్యం తెలుగు వ్రాయదట, ఉర్దూ మాత్రమే వ్రాస్తుందట! కవులు, వైద్యులు, న్యాయమూర్తులు వ్రాసిన లిపి, భయపెట్టే గుర్తుగా మిగిలిపోయింది. మాయాచిత్రంలో మాంత్రికుడికి గడ్డం, తలపాగా పెట్టిన అలవాటుకు ఇది కొనసాగింపు. భయానికి ఎవరి వేషం వేస్తారో, సమాజం ఆ మనిషినే అనుమానించడం నేర్చుకుంటుంది. దీనికి మనం నొచ్చుకోవడం సహజమే. కానీ మనలోనే కొందరు ఆ వేషాన్ని స్వయంగా ధరించి దుకాణం తెరిస్తే ఏమనాలి?

ఆమిల్ గది

గోడలపై, ఆటోల వెనుక అంటించిన ప్రకటనలు చూడండి. భార్యాభర్తల తగవు, సంతానలేమి, వ్యాపార నష్టం, చేతబడి, అన్నింటికీ ఇరవై నాలుగు గంటలలో పరిష్కారం, ఫలితం లేకుంటే డబ్బు వాపసు. ఇది కాజిల్ చెప్పిన మొదటి కిటుకు, హామీ. గదిలోకి వెళితే ఆకుపచ్చ గుడ్డ, సాంబ్రాణి పొగ, మసక వెలుగు కనిపిస్తాయి. రాబర్ట్‌సన్ గది ఇదే. ఇక్కడ డాక్టరు వేషానికి బదులు ధర్మగురువు వేషం ఉంటుంది. సందేహం వెలిబుచ్చితే 'నీకు నమ్మకం లేదు, అందుకే పని జరగదు' అన్న మాట వస్తుంది. అది పిరికివారి మూల.

శరీరానికి, కంటికి తగిలే భాగం కూడా ఉంటుంది. నిమ్మకాయ కోస్తే రక్తం కారుతుంది. కత్తికి ముందుగా మందార పూరేకులు రుద్ది ఆరబెడితే, నిమ్మపులుసు తగలగానే ఆ రంగు ఎర్రబారుతుంది. నీళ్ళు ఎర్రనవుతాయి. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే మన ఇళ్ళలోనూ అవుతుంది. అగ్గిపుల్ల లేకుండా మంట పుడుతుంది. పొటాషియం పర్మాంగనేటు పొడిపై గ్లిజరిన్ చుక్కలు వేస్తే కొంతసేపటికి అదే మండుతుంది. జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలు బడులలో ఇటువంటి ప్రదర్శనలు చేసి పిల్లలకు వివరిస్తున్నాయి. అల్ జౌబరీ తన కాలంలో చేసిన పని ఇదే గనుక, మన మదరసాలలో కూడా దీనికి చోటు కల్పించడం సబబు.

పోయేది డబ్బు మాత్రమే అయితే ఇంత వ్రాయనవసరం లేదు. కాన్పు తరువాత మనస్సు కుంగిన ఆడపడుచు, మూర్ఛరోగం వచ్చిన కుర్రవాడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికో, మరొక డాక్టరు వద్దకో వెళ్ళవలసిన నెలలను ఈ గదులలో గడుపుతారు. వ్యాధి ముదురుతుంది. అంతకంటే ఘోరమైనది, ఇది ఎవరు చేయించారో చెబుతానంటూ ఆమిల్ ఒక పేరు సూచించడం. 'మీ దగ్గరివారే, ఇంటికి వచ్చిపోయే స్త్రీయే' అంటాడు. ఆ నాటినుంచి వదినా మరదళ్ళ మధ్య మాటలు ఉండవు, అన్నదమ్ములు విడిపోతారు. బాబిల్‌లో ప్రజలు నేర్చుకున్న దుర్విద్య భార్యాభర్తలను విడదీసేదని 'అల్ బఖరా' సూరా 102వ వాక్యం పేర్కొంటుంది. సిహ్ర్ విప్పుతానని చెప్పేవాడు సిహ్ర్ చేసే పనినే చేస్తున్నాడు. అల్లాహ్ అనుజ్ఞ లేనిదే ఎవరూ ఎవరికీ కీడు చేయలేరని అదే వాక్యం ఇచ్చే అభయాన్ని మాత్రం అతడు చదివి వినిపించడు.

దీనిపై దైవప్రవక్త (సల్లం) బోధనలు స్పష్టమైనవి. జోస్యుని వద్దకు వెళ్ళి అడిగినవాని నమాజు నలభై రాత్రులు స్వీకరించబడదని సహీహ్ ముస్లింలో ఉంది. మోసగించేవాడు మనవాడు కాడని, తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున దాచిన వ్యాపారి సందర్భంలో ఆయన హెచ్చరించారు. అబూ దావూద్ గ్రంథంలో మరొక సంఘటన ఉంది. ప్రయాణంలో ఒక సహచరుడు నిద్రిస్తుండగా ఇంకొకరు వేళాకోళానికి ఆయన తాడును తీసుకోబోగా ఆయన ఉలిక్కిపడ్డాడు. ఒక ముస్లిం మరొక ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (సల్లం) అప్పుడు పలికారు. హాస్యానికి తాడు తీసినందుకే ఇంత మాట వచ్చినప్పుడు, ధనం కోసం ఒక కుటుంబాన్ని సంవత్సరాల తరబడి భయంలో ఉంచేవాని సంగతి ఊహించుకోవచ్చు.

రుఖ్యా ధర్మసమ్మతమే. షిర్క్ లేనంతవరకు అందులో దోషం లేదని హదీసు ఉంది. సూరా ఫాతిహా, చివరి రెండు సూరాలు ఎవరైనా పఠించవచ్చు. తల్లి తన బిడ్డపై పఠించి ఊదవచ్చు. దానికి చీకటి గది అక్కరలేదు, అడ్వాన్సు అక్కరలేదు. వైద్యం చేయించుకోమని ఆదేశించినదీ ఆ దైవప్రవక్తే (సల్లం). అందుచేత రుఖ్యాకు, వైద్యానికి విరోధం లేదు. అర్థంకాని గళ్ళు, అక్షరాలు వ్రాసి ఇచ్చేవాడు, తల్లి పేరు అడిగి గతం చెప్పేవాడు, నల్లకోడి తెమ్మనేవాడు, శత్రువు పేరు చెప్పేవాడు, గడువు పెట్టి హామీ ఇచ్చేవాడు, వీరిలో ఎవరు ఎదురైనా అది రుఖ్యా కాదని తెలుసుకోవాలి. మంత్రతంత్రాలతో రోగం నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల చట్టం నిషేధిస్తున్నది. మోసం చేసి డబ్బు తీసుకోవడం భారతీయ న్యాయసంహిత 318వ సెక్షను క్రింద నేరం. పోలీసు స్టేషనుకు వెళ్ళడం విశ్వాసానికి లోటు కాదు.

ముగింపు

పై చర్చ సారాంశం ఇది. కథను కథగా చెప్పిన ఇబ్నె దానియాల్ నీడలకూ, మెలియెస్ బొమ్మలకూ మనం భయపడనవసరం లేదు. పిల్లవాడు ఎగిరే తివాచీని చూసి ఆశ్చర్యపడితే, ఆ ఆశ్చర్యాన్ని అణచకుండా తివాచీకి కట్టిన తీగ ఎక్కడుందో అతడితో కలిసి వెదకడం పెద్దల బాధ్యత. తీగ కనిపించిన పిల్లవాడు పెద్దవాడైన తరువాత ఆమిల్ గదిలోనూ దానికోసమే వెదుకుతాడు. షోబ్దాను షోబ్దా అని చెప్పి చూపేవాడు వినోదం కలిగించేవాడు. దానిని కరామత్ అని చెప్పి అమ్మేవాడు మోసగాడు. సిహ్ర్ భయం నిజంగా పట్టుకున్నవారికి శరణు ఒక్కటే. అది ఎవరి దుకాణంలోనూ లేదు. ఖుర్ఆన్ చివరి రెండు సూరాలలో ఉంది, అది ఉచితం.

మసీదు కమిటీలు, మదరసా ఉపాధ్యాయులు జుమా ప్రసంగాలలో ఈ విషయాన్ని ప్రస్తావించాలనీ, తమ పేటలో ఇటువంటి గది ఉంటే ఊరకుండరాదనీ మనవి. కంటికి కనిపించేదానిలో నిజాన్ని నిజంగాను, అబద్ధాన్ని అబద్ధంగాను గుర్తించే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.